మన ముంగిటి చరిత్ర

పాత నగరములను, ద్రాక్షతోటలను చూచుటకు వారము దినములు ఫ్రాన్సు దేశమున తిరిగి వచ్చువారు కలరు. అట్టి వారమొకటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో గడిపిన ఏమి లభించునో ఇచట మనవి చేయుచున్నాము.

మనకు ద్రాక్ష లేదు, తాటివనము కలదు. గీత కార్మిక కుటుంబమున జన్మించిన సర్వాయి పాపన్న జనగామ ప్రాంతపు ఖిలాషాపూర్‌ను స్థావరముగా చేసికొని 1708లో వరంగల్లును కొల్లగొట్టెను. 1710లో మొగలులకు చిక్కి హతుడయ్యెను. పారశీకమున చరిత్ర వ్రాసిన ఖాఫీఖాన్‌కు అతడు దోపిడీదారు. తెలుగు జానపదులకు వీరుడు. రెండు సాక్ష్యములను విననిదే తీర్పు చెప్పరాదు.

మహబూబాబాద్ జిల్లా బయ్యారము చెరువును గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించెను. అచటి శాసనము కాకతీయుల వంశక్రమమును తెలుపును. 1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ క్రైస్తవ దేవాలయమున మసీదు గుమ్మటములు, గుడి స్తంభములు ఒక్కచోట నిలిచినవి.

భూపాలపల్లి జిల్లా గణపురము కోటగుళ్లను చూచి, పొరుగున ములుగు జిల్లాలోని రామప్పకు పోవచ్చును. 1213 నాటి ఆ గుడి పునాదిలో ఇసుక నింపిరి. బరువు తగ్గుటకై శిఖరమునకు నీట తేలు ఇటుకలు వాడిరి. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించెను.

ఉర్దూ, తెలుగు రెండును నేర్చు మన విద్యార్థులకు ఈ రెండు తెరగుల సాక్ష్యములును అందుబాటులో నున్నవి. రానున్న సెలవులలో ఈ యాత్రకు ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల సంఘమును కోరుచున్నాము.