సంపాదకుల గది: ఒక మాట వెనక కథ

సంపాదకుడంటే బాగా సంపాదించేవాడని విద్యార్థుల్లో ఓ పాత ఛలోక్తి. ఆ సంపాదన ఏపాటిదో ఏ చిన్న పత్రికాఫీసులో అడిగినా చెబుతారు! అయినా ఆ ఛలోక్తిలో కొంత నిజం లేకపోలేదు. సంపద, సంపన్నుడు, సంపాదన, సంపాదకుడు అన్నీ ఒకే తల్లి బిడ్డలు. సంస్కృతంలో ‘పద్’ ధాతువుకు వెళ్లటమని అర్థం. దానికి ‘సం’ చేరి ప్రేరణార్థకమయ్యేసరికి సమకూర్చటం, సిద్ధం చేయటం అనే అర్థాలొచ్చాయి. డబ్బు సమకూర్చుకుంటే సంపాదన, రాతలు సమకూర్చితే సంపాదకత్వం. అంతే తేడా.

మరి యూరపులో పత్రికలవాళ్లు కూర్చునే చోటును ఏమంటారా అని నాకు కుతూహలం కలిగింది. ఫ్రెంచి, జర్మన్, రష్యన్ భాషలు మూడూ ‘రెడాక్షన్’ అనే మాటనే కొద్దికొద్ది ఉచ్చారణ భేదాలతో వాడుతున్నాయి. రాతను తయారుచేసే పని, చేసే బృందం, వాళ్లుండే కార్యాలయం మూడింటికీ అదే పేరు. దీని మూలం ‘రెదిగెరె’ అనే లాటిన్ క్రియ. అందులో మొదటి భాగానికి వెనక్కి అని, రెండోదానికి తోలటం, నడపటం అని అర్థం. రోమన్లు పశువుల్ని తోలటానికీ ఆ మాటే వాడేవారు. చెదిరిన మందను కొట్టానికి మళ్లించినట్టు, చెదిరిన రాతను ఒక క్రమంలోకి తేవటమన్నమాట!

ఇంగ్లీషువాళ్ల ‘న్యూస్ రూం’ కథ వేరు. మొదట్లో అది వార్తలు రాసే గది కాదు, చదివే గది. బ్రిటన్‌లో 1712లో పత్రికలపై స్టాంపు పన్ను వేశారు. 1815లో అది ప్రతికి 4 పెన్నీలైంది. పత్రిక ఖరీదైన వస్తువు గనక నలుగురూ చందాలు కట్టి ఒకచోట చదువుకునేవారు. 1806లో మాంచెస్టరులో తెరిచిన పోర్టికో గ్రంథాలయంలో అలాంటి గది ఉండేది. 1855లో ఆ పన్ను ఎత్తేశారు. కాలక్రమాన చదివేవాళ్ల గది పేరు రాసేవాళ్ల గదికి దక్కింది.

అసలు విచిత్రం మరొకటుంది. ఆ ‘రెదిగెరె’ నుంచే పుట్టిన ‘రెడాక్ట్’ అనే ఇంగ్లీషు క్రియకు నేడు ప్రధానమైన అర్థం, కాగితంలో రహస్యమనుకున్న భాగాలను నల్లగా కప్పేయటం. తీర్చిదిద్దటానికి పుట్టిన మాట చెరిపేయటానికి పనికొచ్చింది!

ఈ రెండర్థాల మధ్య ఎంత దూరముందో మన దేశం కూడా చూసింది. 1975లో అత్యవసర పరిస్థితి విధించి, పత్రికలపై సెన్సారు పెట్టారు. జూన్ 28న ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ తన సంపాదకీయం ఉండవలసిన చోటును ఖాళీగా అచ్చువేసింది. ఒక్క అక్షరం లేకుండానే పాఠకుడికి సంగతి అర్థమైంది.

మా వంటి విద్యార్థి సంపాదకులకు ఇంతటి పరీక్షలు రావు. కానీ కత్తెర మా చేతిలోనూ ఉంటుంది. కనుక మిత్రులారా, మీ వ్యాసం పొట్టిదైతే అలగకండి. వచ్చి నిలదీయండి: కోసింది విషయం సూటిగా చెప్పటానికా, ఎవరికో నచ్చదని దాచటానికా? ఈ ప్రశ్నకు నీళ్లు నమిలేవాడికి ఆ గదిలో కుర్చీ వేయనక్కరలేదు.