అర ఠావు కాగితం

1772లో ఇంగ్లండులోని లీడ్సు పట్టణంలో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే మతాచార్యుడు పెద్ద సందిగ్ధంలో పడ్డాడు. శాస్త్ర ప్రయోగాలలో కూడా పేరు తెచ్చుకున్నవాడాయన. షెల్‌బర్న్ ప్రభువు తన గ్రంథాలయం చూసుకోవడానికి రమ్మని పిలిచాడు. జీతం ఏడాదికి 250 పౌనులు. వస్తున్నదానికి రెట్టింపు పైమాటే. కాని ఆయన పిల్లలు గల సంసారి. అలవాటైన ఊరు వదలి ఒకరి కొలువులో చేరడం ఎట్లా? మిత్రుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను సలహా అడిగాడు.

ఫ్రాంక్లిన్ సెప్టెంబరు 19న లండను నుండి జవాబు వ్రాశాడు. అందులో వెళ్ళమనీ లేదు, వద్దనీ లేదు. సంగతులన్నీ తెలియవు గనుక ఏమి చేయాలో చెప్పలేనన్నాడు. ఎలా తేల్చుకోవాలో మాత్రం చెబుతానన్నాడు. ఇంత మాట అనగల పెద్దలు మన బంధువర్గంలో ఎందరున్నారో పాఠకులే లెక్క వేసుకోవచ్చు!

మంచిచెడ్డలన్నీ ఒక్కసారే మనసుకు రావు, ఒకటి కనబడితే మరొకటి మరుగవుతుంది, అందుకే ఊగిసలాట అని ఆయన మాట. అర ఠావు కాగితం నడుమ గీత గీసి, ఒక ప్రక్క అనుకూలాలు, రెండో ప్రక్క ప్రతికూలాలు మూడు నాలుగు రోజులపాటు తోచినప్పుడల్లా వ్రాయాలి. తరువాత బరువు చూసి, ఇటొకటి అటొకటి సమానమైతే రెండింటినీ కొట్టివేయాలి. ఇటు ఒకటి అటు రెండింటికి సరితూగితే మూడూ చెల్లు. మిగులు ఏ వైపో చూసి, మరి ఒకటి రెండు రోజులు ఆగి, కొత్త కారణమేదీ తోచకపోతే నిశ్చయించుకోవాలి.

ప్రమోషన్‌తోపాటు బదిలీ ఉత్తరువు కూడా చేతికి వచ్చే మా వంటి గుమాస్తాలకు ఇది బాగా పనికివస్తుంది. జీతం పెరుగుదలకు రెండు కాపురాల ఖర్చు చెల్లు. హోదాకు ఎదురుగా అమ్మాయి పదో తరగతి ఉంటే? అక్కడ కొట్టివేయడానికి చెయ్యి రాదు. కాగితం చేసే మేలు అదే, ఏది వదులుకోలేమో బయటపెడుతుంది. ఇంటి ఇల్లాలి చేత వేరే కాగితం వ్రాయించాలి. అత్తగారికి అలవాటైన వైద్యుడి సంగతి మగవారికి తోచదు. కొత్త ఊరి బడిలో పిల్లలు ఏ భాష చదవాలి, ఇంటి బయట తెలుగు మాట చెవిన పడుతుందా అనే పంక్తి మన కాగితాలలో తప్పక ఉంటుంది.

అయితే బరువులు వేసేది మనమే గనుక మనసు పడిన వైపే తక్కెడ మొగ్గుతుంది. అందుచేత అద్దె, బడిలో సీటు వంటివి ఆ ఊరివారిని అడిగి తెలుసుకొని, ప్రక్కన అంకె వేయాలి. అంకె లేనిది వట్టి ఊహ.

ప్రీస్ట్‌లీ వెళ్ళడానికే నిశ్చయించుకొని 1773లో కాన్ పట్టణం చేరాడు. ప్రాణవాయువును వేరు చేసిన 1774 నాటి ప్రయోగం షెల్‌బర్న్ గారి బోవుడ్ మేడలోనే జరిగింది. 1780లో ఆ కొలువు ముగిసింది. ఏడాదికి 150 పౌనుల భరణం మాత్రం చేరేటప్పుడే మాట్లాడుకొని ఉన్నాడు.