ఆల్టిమీటరు లెక్క, ఉత్తరాంధ్ర గాలి

మోడల్ రాకెట్లో పెట్టే ఆల్టిమీటరు ఎత్తును నేరుగా కొలవదు. అది కొలిచేది గాలి ఒత్తిడిని. ఆ ఒత్తిడి నుంచి ఎత్తును లెక్కకట్టి చెబుతుంది. ఆ లెక్క వెనక ఒక ఊహ ఉంది: సముద్రమట్టం దగ్గర గాలి 15 డిగ్రీల సెల్సియస్ వేడిమితో ఉంటుందని, అక్కడ ఒత్తిడి 1013.25 మిల్లీబార్లని, కిలోమీటరు పైకి వెళితే ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందని. దీన్నే అంతర్జాతీయ ప్రామాణిక వాతావరణం అంటారు. ఆకాశంలో విమానాలన్నీ ఒకే కొలబద్దకు కట్టుబడాలి కాబట్టి విమానయానానికి ఆ ఊహ చక్కగా పనికొచ్చింది. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరంలో పట్టపగలు గాలి 15 డిగ్రీలకు దిగదు. అందుకని ఇక్కడి విద్యార్థులు సొంతంగా కిట్ బిగించి, రాకెట్ ఎగరేసి, వెయ్యి మీటర్లు వెళ్లిందని చెప్పినప్పుడు అది ఏ గాలి లెక్కన వెయ్యి అని అడగక తప్పదు. కిట్ బిగించడం కన్నా దాన్ని పరీక్షించడమే పెద్ద పని అనీ, ఆ పరీక్షకు కావలసినవన్నీ మన చుట్టుపక్కలే ఉన్నాయనీ నా వాదన.

రాకెట్ మోటారు మొత్తం ఇంపల్స్ (తోపును అది పనిచేసిన కాలంతో గుణిస్తే వచ్చేది) 160 న్యూటన్-సెకన్లు దాటితే, అంటే ‘హెచ్’ తరగతి నుంచి పైవన్నీ, హై పవర్ కిందికి వస్తాయి. అలాంటి రాకెట్ కిలోమీటరు ఎత్తుకు, ఒక్కోసారి అంతకు మించి వెళ్లగలదు. అక్కడ అది కంటికి ఆనదు. పైకి వెళ్లడం ఆగి కిందికి మళ్లే క్షణాన్ని పట్టుకుని పారాచూట్ విప్పించాల్సింది ఆల్టిమీటరే, తిరిగొచ్చాక ఎత్తు చెప్పాల్సిందీ అదే. అంతరిక్ష రంగ ప్రోత్సాహక సంస్థ ఇన్-స్పేస్, ఇస్రో, ఆస్ట్రోనాటికల్ సొసైటీ ఆఫ్ ఇండియా కలిసి కాలేజీ విద్యార్థులకు మోడల్ రాకెట్, క్యాన్‌శాట్ (డబ్బాలో పట్టే నమూనా ఉపగ్రహం) పోటీలు పెట్టడం మొదలయ్యాక రాజాం, టెక్కలి, ఎచ్చెర్ల, విజయనగరం క్యాంపస్‌లలో చదివే పిల్లలకు ఇది అందని సంగతేమీ కాదు. కిట్‌లో వచ్చేది అగ్గిపెట్టెలో పట్టే బోర్డు, మైక్రోకంట్రోలర్, మెమరీ చిప్, బజర్, పారాచూట్ వైర్లు బిగించే టెర్మినళ్లు, అన్నిటికీ మూలమైన పీడన సెన్సర్. తరచుగా వాడే బీఎంపీ 280 అనే సెన్సర్ పొడవు రెండున్నర మిల్లీమీటర్లు, వెడల్పు రెండు. పైన లోహపు మూత, ఆ మూతకు సూదిమొన పట్టేంత రంధ్రం. 300 నుంచి 1100 మిల్లీబార్ల దాకా చదువుతుంది. అసలు ఒత్తిడి చెప్పడంలో ఒక మిల్లీబారు అటూఇటూ కావచ్చు. కానీ రెండు రీడింగుల మధ్య తేడా చెప్పడంలో మీటరు దరిదాపు కచ్చితత్వం దానిది. రాకెట్‌కు కావలసింది నేల నుంచి తేడాయే కనుక సెన్సర్‌ను తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ లేదు. తేడా వచ్చేది దాని తర్వాతి లెక్కలో.

ఒక మిల్లీబారు తగ్గితే ఎంత ఎత్తు ఎక్కినట్టు? ప్రామాణిక గాలిలో, సముద్రమట్టం దగ్గర, 8.3 మీటర్లు. వేడెక్కిన గాలి పలచబడి ఎక్కువ మేర పరుచుకుంటుంది. కాబట్టి వేడి రోజున అదే ఒక్క మిల్లీబారు తగ్గాలంటే ఇంకాస్త పైకి వెళ్లాలి. మే నెల మధ్యాహ్నం తీరంలో 32 డిగ్రీలనుకుందాం. పరమ ఉష్ణోగ్రతలో చెబితే 305 కెల్విన్లు. సూత్రం ఊహించింది 288. అంటే అక్కడికే ఆరు శాతం తేడా. మీద ఉక్కపోత ఒకటి. నీటి అణువు భారం 18, పొడి గాలి అణువుల సగటు భారం 29. ఉక్కగా ఉన్న గాలి బరువుగా అనిపిస్తుంది గానీ నిజానికి అది తేలిక. ఆ తేమ మరో శాతం కలుపుతుంది. మొత్తం మీద మిల్లీబారుకు 8.9 మీటర్ల పైచిలుకు తేలుతుంది. ఆల్టిమీటరు వెయ్యి అని చూపిన రాకెట్ నిజంగా 1070 మీటర్ల దాకా వెళ్లి ఉంటుంది. అదే జనవరి ఉదయం 20 డిగ్రీల వేళ అయితే తేడా రెండు శాతం చిల్లరే. గాలి నిరోధం సంగతి పక్కన పెట్టినా, ఒకే రాకెట్ ఒకే అసలు ఎత్తుకు వెళ్లి మే నెలలో 935, జనవరిలో 977 చూపించగలదు. రాకెట్ ఏమీ మారలేదు, గాలి మారింది.

బోర్డు మీదే ఉష్ణోగ్రత సెన్సర్ కూడా ఉంది కదా, దాంతో సరిచేస్తే పోలేదా అని అనిపించవచ్చు. ఆ సెన్సర్ ఉన్నది చిప్ తన సొంత వేడి వల్ల చేసే పొరపాటును దిద్దుకోవడానికి. లాంచ్ రాడ్ మీద ఎండలో అరగంట నిలబడిన రాకెట్ గొట్టం లోపలి వేడికీ, ఐదువందల మీటర్ల ఎత్తున ఉన్న గాలి వేడికీ సంబంధం ఉండదు. లెక్కకు కావలసింది నేల నుంచి శిఖరం దాకా ఉన్న గాలి సగటు వేడి. అది రాకెట్ లోపల దొరకదు.

ఇక బిగింపులో జరిగే పొరపాట్లు. సోల్డరింగ్ వేడికి సెన్సర్ రీడింగు ఒకటి రెండు మిల్లీబార్లు జరగడం మామూలే. నేల దగ్గర సున్నా చేసుకుంటారు కనుక అది పెద్దగా బాధించదు. బోర్డుకు అంటిన ఫ్లక్స్ కడిగేటప్పుడు ఆ ద్రవం మూత రంధ్రంలోకి పోతే మాత్రం సెన్సర్ పని అయిపోయినట్టే. కడిగే ముందు రంధ్రం మీద చిన్న టేపు ముక్క అంటించి, తర్వాత మరిచిపోకుండా తీసేయాలి. కొన్ని రకాల సెన్సర్ల మీద ఎండ నేరుగా పడినా రీడింగు కదులుతుంది. పైన కాస్త స్పాంజి కప్పితే గాలి ఆడుతుంది, వెలుతురు ఆగుతుంది. ఇంతకన్నా ఎక్కువ కీడు చేసేది గొట్టానికి పెట్టే గాలి రంధ్రాలు. వంద ఘనపు అంగుళాల ఆల్టిమీటరు గదికి పావు అంగుళం రంధ్రం ఒకటి అన్నది రాకెట్ వాళ్ల వాడుక లెక్క. దాన్ని ఒకే రంధ్రంగా పెట్టకుండా, అంత వైశాల్యాన్నీ మూడు నాలుగు చిన్న రంధ్రాలుగా చుట్టూ సమదూరంలో పంచితే ఒకవైపు నుంచి కొట్టే గాలి ప్రభావం మిగతా వాటితో సర్దుకుంటుంది. రంధ్రం అంచున డ్రిల్లు వదిలిన చిన్న పొర మిగిలినా చాలు, రాకెట్ వేగంగా పోయేటప్పుడు గాలి అక్కడ సుడి తిరిగి తప్పుడు ఒత్తిడి లోపలికి పంపుతుంది. ధ్వని వేగాన్ని సమీపించే రాకెట్లలో ఇది ప్రమాదం కూడా. షాక్ తరంగం రంధ్రాల మీదుగా జరిగినప్పుడు ఒత్తిడి ఉన్నట్టుండి ఎగసి పడుతుంది. ప్రోగ్రామ్ దాన్ని శిఖరం అని పొరబడితే పూర్తి వేగంలో ఉన్న రాకెట్ నుంచి పారాచూట్ బయటికొస్తుంది, రాకెట్ చీలిపోతుంది. అందుకే మంచి కిట్లలో ఆ వేగం దాటేదాకా శిఖరాన్ని వెతకకుండా ప్రోగ్రామ్‌కు తాళం వేస్తారు.

ఇవన్నీ సరిచూశాక చేయాల్సిన పరీక్షలు రెండు, వాటిని కలపకూడదు. ఒకటి సెన్సర్ ఒత్తిడిని సరిగా చదువుతోందా అన్నది. రెండోది ఒత్తిడి నుంచి ఎత్తుకు వెళ్లే లెక్క ఇక్కడి గాలికి సరిపోతుందా అన్నది. మొదటిదానికి తాపీమేస్త్రీలు లెవెల్ చూసుకునే నీటి గొట్టం చాలు. దాన్ని ‘యు’ ఆకారంలో గోడకు కట్టి, సగం దాకా రంగు కలిపిన నీళ్లు పోసి, ఒక కొసను గట్టి గాజు సీసా మూతలోంచి లోపలికి దించి, మూత చుట్టూ గాలి పోకుండా మూయాలి. సీసాలో బ్యాటరీతో సహా ఆల్టిమీటరు ఉంటుంది. మూతకే ఇంకో సన్నగొట్టం పెట్టి పెద్ద సిరంజితో గాలి లాగితే సీసా వైపు నీళ్లు పైకి లేస్తాయి, అటువైపు దిగుతాయి. చూడాల్సింది ఒక వైపు ఎంత లేచిందని కాదు, రెండు మట్టాల మధ్య ఎంత తేడా వచ్చిందని. మీటరు తేడా వస్తే ఒత్తిడి సుమారు 97 మిల్లీబార్లు తగ్గినట్టు. తీరంలో మామూలు రోజున ఆల్టిమీటరు అప్పుడు 850 మీటర్ల దగ్గర చూపించాలి. పాతిక, యాభై, డెబ్బై ఐదు సెంటీమీటర్ల దగ్గర ఆగి ఆగి చదివితే సెన్సర్ మొత్తం దారిలో నిక్కచ్చిగా ఉందో, ఎక్కడైనా వంకర పోతోందో తెలుస్తుంది. గాలి గబగబా లాగితే సీసా లోపల చల్లబడుతుంది కాబట్టి ప్రతిచోటా కాసేపు ఆగాలి. పారాచూట్‌ను బయటికి నెట్టే మందు బదులు చిన్న బల్బు తగిలిస్తే, సిరంజి వదిలి ఒత్తిడి పెరగడం మొదలవగానే అది వెలగాలి. శిఖరాన్ని పట్టుకునే ప్రోగ్రామ్‌కూ అదే పరీక్ష.

సీసాలో నెగ్గిన ఆల్టిమీటరు కొండ మీద ఓడిపోతుంది, ఓడిపోవాలి కూడా. విజయనగరం జిల్లా కొత్తవలస దగ్గర మొదలయ్యే కిరండూల్ రైలుమార్గం శృంగవరపుకోట, బొడ్డవర దాటాక ఘాట్ ఎక్కుతుంది. బొర్రా గుహలు, కరకవలస దాటి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడకు చేరుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తేవడానికి వేసిన ఆ దారిలో ప్రతి స్టేషన్ పసుపు బోర్డు మీదా సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. సర్వే చేసి కట్టిన ఎత్తులు అవి. ఆల్టిమీటరు పరీక్షకు ఇంతకన్నా మంచి మెట్లు దేశంలో అరుదు. వెచ్చటి రోజున సముద్రమట్టం దగ్గర సున్నా చేసి ఎక్కించిన ఆల్టిమీటరు, లెక్క ప్రకారం, శిమిలిగుడలో 940 మీటర్ల చుట్టుపక్కల చూపించాలి. ఆ యాభై చిల్లర మీటర్ల లోటు చిప్‌ది కాదని సీసా ముందే తేల్చింది కనుక, అది గాలి వేడి వల్ల వచ్చిందే అని ధైర్యంగా చెప్పవచ్చు. రెండు పరీక్షలూ ఎందుకు విడివిడిగా ఉండాలో ఇక్కడ తెలుస్తుంది.

అయితే ఈ ప్రయాణానికి గంటలు పడుతుంది, ఆలోగా ఒత్తిడి ఊరికే ఉండదు. ఉష్ణమండలంలో వాతావరణ పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. ఉదయం పది ప్రాంతంలో ఎక్కువ, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ. ఆ తేడా మూడు నాలుగు మిల్లీబార్లు. పది గంటలకు సున్నా చేసి బల్ల మీద వదిలేసిన ఆల్టిమీటరు నాలుగింటికి పాతిక ముప్పై మీటర్లు ఎక్కేశానంటుంది. తుఫాను వస్తే చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ కేంద్రంలో ఒత్తిడి మామూలు కన్నా ముప్పై మిల్లీబార్లకు పైగా పడిపోయింది. ఆల్టిమీటరు భాషలో అది కదలకుండా పావు కిలోమీటరు పైకి లేవడం. దీనికి విరుగుడు రెండో ఆల్టిమీటరును కింద, శృంగవరపుకోటలో ఉంచి నిమిషం నిమిషం రాయించడమే. పైదాని నుంచి కిందిదాన్ని తీసేస్తే ఆ రోజు వాతావరణం చేసిన మార్పు పోతుంది. ఈ ప్రాంతంలో వాతావరణాన్ని రాసిపెట్టే పద్ధతి పాతదే: 1840లో విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో పెట్టిన వేధశాలను ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నడిపిన కాలంలో వాతావరణ పరిశీలనలు కూడా సాగాయి. ఘాట్‌లో ఇంకో చిక్కు సొరంగాలు. రైలు సొరంగంలోకి దూరగానే పెట్టెలో ఒత్తిడి కుదుపుకు గురై గ్రాఫు మీద ముళ్లలా గీతలు పడతాయి. వాటిని చూసి కంగారుపడక, రైలు ఆగినచోట తీసిన రీడింగులే లెక్కలోకి తీసుకోవాలి.

జీపీఎస్ ఉండగా ఈ తంటా ఎందుకన్నది గట్టి అభ్యంతరమే. కానీ జీపీఎస్‌లో నిలువు పొరపాటు అడ్డం పొరపాటు కన్నా ఎక్కువ. మామూలు రిసీవర్లు సెకనుకు ఒకటి నుంచి పది రీడింగులే ఇస్తాయి, మోటారు మండే సమయంలో ఆ తోపుకు ఉపగ్రహాల జాడ కోల్పోవడం కూడా ఉంటుంది. జీపీఎస్ లెక్కకూ ఒక ఊహ ఉంది: భూమి నున్నటి దీర్ఘగోళం అని. హిందూ మహాసముద్రంలో గురుత్వం తక్కువగా ఉన్న పెద్ద ప్రాంతం ప్రభావం మన తీరం దాకా ఉండటంతో, ఇక్కడి సముద్రమట్టం ఆ దీర్ఘగోళానికి అరవై మీటర్లకు పైగా కిందుంటుంది. రిసీవర్ లోపల సవరణ పట్టిక లేకపోతే కళింగపట్నం ఇసుకలో నిలబడినా మైనస్ అరవై చూపిస్తుంది. నేల నుంచి తేడా తీస్తే అది పోతుంది నిజమే, అయినా జీపీఎస్‌ను ఒత్తిడి ఆల్టిమీటరుకు తోడుగా వాడటమే మేలు, దాని బదులుగా కాదు.

ఇంకో అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. పారాచూట్ విప్పడానికి ఈ ఏడు శాతం గొడవ అక్కర్లేదు. శిఖరం అంటే ఒత్తిడి అతి తక్కువైన క్షణం, అది ఏ గాలిలోనైనా ఒకటే. పెద్ద పారాచూట్ 200 మీటర్ల దగ్గర విప్పాలనుకుంటే 14 మీటర్ల తేడాతో ఎవరికీ నష్టం లేదు. ఒకే మైదానంలో, ఒకే పూట, పక్కపక్కన ఎగిరిన రాకెట్లలో ఎవరిది ఎక్కువ వెళ్లిందో తేల్చడానికీ సవరణ అవసరం లేదు. చిక్కు వచ్చేది అంకెను ఆ మైదానం దాటించినప్పుడు: వెయ్యి మీటర్ల లక్ష్యానికి ఎంత దగ్గరికి వెళ్లామో చెప్పేటప్పుడు, అరకులో ఎగిరినదాన్ని శ్రీకాకుళంలో ఎగిరినదానితో పోల్చేటప్పుడు, ఎత్తు నుంచి వెనక్కి లెక్కకట్టి రాకెట్ ఎదుర్కొన్న గాలి నిరోధం ఎంతో తేల్చేటప్పుడు. మూడో సందర్భంలో ఏడు శాతం పొరపాటు నేరుగా డిజైన్‌లోకి వెళ్లిపోతుంది, తర్వాతి రాకెట్ దాని మీదే తయారవుతుంది.

ఈ పరీక్షలకు రాకెట్ అక్కర్లేదు, మోటారు అసలే అక్కర్లేదు. మోటార్లకూ మందుకూ పేలుడు పదార్థాల నిబంధనలు వర్తిస్తాయి. విశాఖ నౌకాదళ వైమానిక కేంద్రం, భోగాపురం విమానాశ్రయం ఉన్న ప్రాంతంలో ఆకాశానికీ అనుమతి కావాలి. ఆ అనుమతుల కోసం ఆగే నెలల్లో సీసా పనీ, రైలు పనీ పూర్తవుతాయి. కిట్ కొనేటప్పుడు మాత్రం ఎత్తును ఒక్కటే దాచే రకం కాకుండా, సెన్సర్ చదివిన ఒత్తిడిని ఉన్నదున్నట్టు దాచే రకాన్ని ఎంచుకోవాలి. ఎత్తు మాత్రమే మిగిలితే సూత్రంలోని 15 డిగ్రీలు దాంట్లో కలిసిపోతాయి. ఒత్తిడి మిగిలితే, ఎగరేసిన వేళ నేల దగ్గరి ఉష్ణోగ్రత, తేమ రాసుకుని ఉంటే, ఎప్పుడైనా మళ్లీ లెక్క వేయవచ్చు. వాతావరణ శాఖ విశాఖపట్నం నుంచి వదిలే బెలూన్లు పైగాలి ఉష్ణోగ్రతను మెట్టు మెట్టుగా రాసి పంపుతాయి. ఆ మెట్ల మీద రాకెట్ ఒత్తిడి రీడింగులను పరిస్తే వచ్చేది ఆనాటి మన గాలిలో ఆ రాకెట్ ఎక్కిన ఎత్తు.