వేళ్లతో చదివే శిల్పం: బౌద్ధ మ్యూజియాలు, దివ్యాంగ సందర్శకులు

అమరావతి స్తూపానికి చెందిన నాలాగిరి దమన ఫలకం నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. వృత్తాకారమైన ఈ సున్నపురాతి శిల్పంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఎడమవైపు వీధిలో జనంపై విజృంభించిన ఏనుగే కుడివైపు బుద్ధుని పాదాల చెంత మోకరిల్లుతుంది. శిల్పసంప్రదాయం ఎరిగిన కంటికి ఈ క్రమం చూడగానే బోధపడుతుంది. అంధుడైన సందర్శకుని ముందు ఈ ఫలకం నకలు ఉంచి ఊరుకుంటే, ఆయన వేళ్లకు తగిలేవి రెండు వేర్వేరు ఏనుగులు. నకలు చేయించినంత మాత్రాన శిల్పం అందుబాటులోకి వచ్చినట్లు కాదు.

అందువల్ల స్పర్శ కోసం చేసే ప్రతికృతిని కథాక్రమాన్ని అనుసరించి విభజించాలి. మొదటి పలకపై ఏనుగు విజృంభణ, రెండవ దానిపై శరణాగతి, మూడవ దానిపై పూర్తి ఫలకం ఉండాలి. కిటికీల నుంచి చూసే జనం వంటి కిక్కిరిసిన వివరాలను తొలి రెండు పలకల్లో తగ్గించాలి. బ్రెయిలీ ఫలకం, శ్రవణ వ్యాఖ్యానం ఇదే క్రమంలో సాగాలి. చెమటలోని లవణాలు, చర్మంపై జిడ్డు సున్నపురాతికి హాని చేస్తాయి గనుక మూలశిల్పాన్ని తాకనివ్వరాదు. బుద్ధుని పాదముద్రలుగా, ధర్మచక్రంగా, శూన్యాసనంగా సూచించిన తొలినాటి ఫలకాల్లో విడివిడి చిహ్నాలు స్పష్టమైన రేఖలు గలవి. స్పర్శ పఠనాన్ని వాటితో ఆరంభించడం సులభం.

న్యూఢిల్లీలోని జాతీయ మ్యూజియం 2015లో ‘అనుభవ్’ పేరిట స్పర్శ ప్రదర్శనను ప్రారంభించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ సాంస్కృతిక జీవనాన్ని వారి హక్కుగా గుర్తించి, కళను వారికి అందుబాటులోకి తేవడాన్ని ప్రభుత్వ బాధ్యతల్లో చేర్చింది.

అయితే ప్రదర్శన వరకు చేరుకోవడమే కొందరికి ప్రధాన సమస్య. నాగార్జునకొండ మ్యూజియం జలాశయం నడుమ ద్వీపంపై ఉన్నందున పడవ ప్రయాణం తప్పదు. చక్రాల కుర్చీ కోసం భవనం వద్ద 1:12 వాలుతో బాట నిర్మించినా, రేవు నుంచి పడవలోకి దారి లేకపోతే అది నిష్ప్రయోజనం. జలాశయ మట్టం పెరుగుతూ తగ్గుతూ ఉండడంతో రేవుకు, పడవకు మధ్య ఎత్తు కూడా మారుతుంది. నీటితోపాటు లేచి దిగే తేలియాడే రేవు ఇందుకు తగిన ఏర్పాటు. వృద్ధ భిక్షువులకూ అది ఉపకరిస్తుంది.

బధిరులకు సంజ్ఞాభాషా వ్యాఖ్యానం అవసరం. ధర్మచక్రం, ఆయకస్తంభం వంటి మాటలకు వాడే సంజ్ఞలను ఆ భాష మాట్లాడేవారితోనే నిర్ణయింపజేయాలి. అదేవిధంగా ప్రతికృతిని ప్రదర్శనకు పెట్టకముందే అంధులు తాకి పరిశీలించాలి. అది ఒకే ఏనుగు కథ అని వారి వేళ్లు గ్రహించిననాడే ఆ ప్రతికృతి సిద్ధమైనట్లు.