దమ్ము పెరిగేది రొప్పులోనే

చెన్నూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కుర్రాళ్లు కానిస్టేబుల్ కొలువు కొట్టాలంటే దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. నిమిషానికి 200 మీటర్లన్నమాట. ఆ వేగం నిలవాలంటే ఒళ్లు కిలో బరువుకు నిమిషానికి దాదాపు 43 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోవాలి. ఒక మనిషి ఇలా వాడుకోగల గరిష్ఠ మోతాదును వైద్యులు వీఓటూ మ్యాక్స్ అంటారు. ఆ పరీక్ష కోసం చాలామంది తెల్లారకముందే లేచి ఒకే వేగంతో కిలోమీటర్లకు కిలోమీటర్లు పరిగెడతారు. షుగర్ ఉందని తేలాక వాళ్ల తండ్రులూ అదే తీరులో ఒకే నడక నడుస్తారు. ఎవరి శ్రమా వృథా కాదు. కానీ గుండె సత్తా పెరగాలంటే కొన్ని నిమిషాలు రొప్పు వచ్చేంత వేగం, వెంట కాస్త తెరిపి, మళ్లీ వేగం ఉండాలి. ఇంటర్వెల్ వ్యాయామం అంటే అదే.

దీనికి గట్టి ఆధారం నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో ఉన్న విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగం. ఆరోగ్యవంతులైన 40 మంది మగవాళ్లను నాలుగు జట్లు చేసి, వారానికి మూడు రోజుల చొప్పున ఎనిమిది వారాలు పరిగెత్తించారు. మొత్తం శ్రమ అందరికీ సమానమే, తేడా తీవ్రతలోనే. నెమ్మదిగా 45 నిమిషాలు పరిగెత్తిన జట్టుకు వీఓటూ మ్యాక్స్ చెప్పుకోదగ్గంత పెరగలేదు. పదిహేను సెకన్ల చొప్పున వేగం అందుకున్నవాళ్లకు 5.5 శాతం, నాలుగు నిమిషాల చొప్పున నాలుగు విడతలు చేసినవాళ్లకు 7.2 శాతం పెరిగింది. ఈ రెండు జట్లలో గుండె ఒక్కో కొట్టుకు తోసే రక్తం పది శాతం దాకా హెచ్చింది. అసలు కీలకం అక్కడుంది. గరిష్ఠ గుండె వేగంలో 90 శాతం పైన మామూలు మనిషి పదహారు నిమిషాలు ఏకబిగిన ఉండడం కష్టం, ముక్కలు చేస్తే తేలిక. ఫోన్లలో తిరిగే టబాటా అనే ఇంటర్వెల్ పద్ధతి మోజు వేరే సంగతి. 1996 నాటి ఆ జపాన్ ప్రయోగంలో పాల్గొన్నది కసరత్తుకు అలవాటుపడిన విద్యార్థులు. పైగా వాళ్లు వారానికోరోజు అరగంట నిలకడ వ్యాయామం కూడా చేశారు. ఆ ముక్క మాత్రం వీడియోల్లో కనిపించదు.

బెల్జియంలో 200 మంది గుండె రోగులపై జరిగిన సెయింటెక్స్ ప్రయోగంలో రెండు పద్ధతులూ సమానమని తేలింది కదా అనవచ్చు. నిజమే. అయితే అక్కడ ఇంటర్వెల్ జట్టు అనుకున్న వేగాన్ని అందుకోలేదు, నిలకడ జట్టేమో చెప్పినదానికన్నా గట్టిగా చేసింది. తీవ్రతలో తేడా తగ్గేసరికి ఫలితంలో తేడా కూడా పోయింది. అది నా వాదనను బలపరిచేదే. ఆయుష్షు లెక్క మాత్రం ఇంత తేలిగ్గా తేలదు. ట్రాండ్‌హైమ్‌లోనే డెబ్బై దాటిన 1567 మందిని ఐదేళ్లు గమనిస్తే, ఇంటర్వెల్ జట్టులో 3 శాతం, నిలకడ జట్టులో 5.9 శాతం, సాధారణ సలహాతో వదిలేసినవాళ్లలో 4.7 శాతం మంది చనిపోయారు. కానీ సాధారణ సలహా జట్టులో కూడా కొందరు సొంతంగా వేగం అందుకున్నారు, తేడా ఖాయంగా నిర్ధారణ కాలేదు. కాబట్టి ఇంటర్వెల్ దమ్మును పెంచుతుందని అనగలం, ఆయుష్షును పెంచుతుందని ఇప్పుడే అనలేం.

ప్రమాదం మాటేమిటి? నార్వేలో 4846 మంది గుండె రోగుల లెక్కల ప్రకారం, తీవ్ర వ్యాయామంలో 23,182 గంటలకు ఒకసారి గుండె ఆగింది, మితమైన వ్యాయామంలో 1,29,456 గంటలకు ఒకసారి. రెండూ అరుదే, అదీ వైద్య పర్యవేక్షణలో. మన మైదానంలో ఆ పర్యవేక్షణ ఉండదు. పైగా ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియావాళ్లకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతా చోట్ల 59కి దగ్గరగా. అందుకే బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, నడిస్తే ఛాతీ పట్టేసేవాళ్లు ముందు డాక్టరును కలిసి, చెబితే టీఎంటీ (ట్రెడ్‌మిల్ పరీక్ష) చేయించుకోవాలి.

పొలం పని చేసేవాడికి ఇవన్నీ ఎందుకంటారా? సేద్యంలో గంటల తరబడి శ్రమ ఉంటుంది, రొప్పు పుట్టించే వేగం తక్కువ. కబడ్డీలో 30 సెకన్ల కూతకు ఆ వేగం ఉంది, కానీ నలభై దాటాక ఎంతమంది కూతకెళ్తారు? ఆ వయసువాళ్లకు పరుగే అక్కర్లేదు. జపాన్‌లోని షిన్షు విశ్వవిద్యాలయం నడివయసువాళ్లను, పెద్దలను మూడు నిమిషాలు వడిగా, మూడు నిమిషాలు మెల్లగా, ఐదు విడతలు, వారానికి నాలుగు రోజులు నడిపించింది. ఐదు నెలలకు దమ్ము, తొడల బలం, రక్తపోటు మూడూ ఒకే తీరున నడిచినవాళ్లకన్నా మెరుగయ్యాయి. కడప ఎండల్లో మాత్రం గడియారం చూసి వేగం కొలవకూడదు. ఒళ్లు చల్లబరచడానికే గుండె అదనంగా కొట్టుకుంటుంది కాబట్టి, జనవరిలో తేలికైన నడక మే నెలలో తీవ్రమైపోతుంది. ఒక వాక్యం పూర్తిగా పలకలేనంత ఆయాసం వస్తే చాలు, అదే కొలత.