పక్కింటి అంగారకుడే పెద్ద పరీక్ష!

దూరపు కొండలు నునుపు అంటారు. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. వందల కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన గెలాక్సీల మసక వెలుగుని అది ఇట్టే పట్టేస్తుంది. అదే మన పక్కనున్న అంగారకుణ్ని చూడమంటే మాత్రం... నానా తంటాలూ పడాలి!

2021 డిసెంబరు 25న నింగికెగసిన వెబ్, భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటోంది. అది ముఖ్యంగా చూసేది వేడిని మోసుకొచ్చే పరారుణ కిరణాల్ని. తన ఒళ్లే వేడెక్కితే ఇంకేం కనిపిస్తుంది? అందుకే టెన్నిస్ కోర్టంత వెడల్పున్న అయిదు పొరల గొడుగుని సూర్యుడికి అడ్డం పెట్టుకుని, ఆ నీడలోనే పనిచేస్తుంది.

ఎప్పుడు చూడాలి?

ఆ నీడ చెదరకూడదంటే, సూర్యుడి దిక్కుకి 85 నుంచి 135 డిగ్రీల కోణంలో ఉన్న ఆకాశాన్నే చూడాలి. కాబట్టి బుధుడూ శుక్రుడూ దానికి ఎప్పటికీ కనపడరు. అంగారకుడి సంగతి ఇంకా తమాషా. అతడు మనకు బాగా దగ్గరయ్యేది సూర్యుడికి ఎదురుదిక్కున ఉన్నప్పుడు. సరిగ్గా అప్పుడే వెబ్ అటు తిరగకూడదు! సుమారు 26 నెలల్లో దొరికేవి రెండే అవకాశాలు: ఆ రోజులకు కొంత ముందొకటి, తర్వాతొకటి.

పైగా క్యూ చాంతాడంత. 2024 అక్టోబరులో ఒక్క ఏడాది పరిశీలనల కోసం దాదాపు 2,400 దరఖాస్తులొచ్చాయి. అన్నీ కలిపి అడిగిన సమయం దాదాపు 78 వేల గంటలు. ఏడాదికి ఉన్నవేమో 8,760! అడిగిందెవరో తెలియకుండా పేర్లు దాచి మరీ ఎంపిక చేస్తారు.

ఎలా చూడాలి?

గ్రహాలు నక్షత్రాల మధ్య కదిలిపోతుంటాయి. వెబ్ దగ్గర్లోని ఒక నక్షత్రాన్ని గురిగా పెట్టుకుని, సెకనుకి 16 సార్లు దాని స్థానం సరిచూసుకుంటూ గ్రహంతోపాటు మెల్లగా తిరగాలి.

ఇక వెలుగు. 2022 సెప్టెంబరు 5న వెబ్ తొలిసారి అంగారకుణ్ని ఫొటో తీసింది. ఆ కాంతికి కెమెరా కళ్లు బైర్లు కమ్మకుండా అతి తక్కువసేపే తెరిచారు. అయినా ఒక చిత్రంలో సూర్యకాంతి నేరుగా పడేచోట వెలుగు కొలతకి మించిపోయింది.

పాసంగం చూశారా?

కొట్లో సరుకు తూచేముందు ఖాళీ తక్కెడ పాసంగం చూస్తాం కదా, ఇక్కడా అంతే. వెలుగే పడకపోయినా సెన్సర్లు ఎంతోకొంత చూపిస్తాయి. దాన్ని లెక్కలోంచి తీసేయాలి. ఒక్కో పిక్సెల్ స్పందన ఒక్కోలా ఉంటుంది, దాన్ని సవరించాలి. ప్రకాశం ముందే తెలిసిన నక్షత్రాలే ఇక్కడ ముద్ర వేసిన తూకపురాళ్లు.

ఇంత చాదస్తం దేనికంటే... ఆ చిత్రంలో 2,000 కిలోమీటర్లకు పైగా విస్తరించిన హెల్లాస్ అనే పల్లం నల్లగా కనిపించింది. మచ్చా? కెమెరా లోపమా? రెండూ కాదు. పల్లంలో గాలి ఒత్తిడి ఎక్కువ; అక్కడి కార్బన్ డయాక్సైడ్ వేడి కిరణాల్ని ఎక్కువగా మింగేస్తుంది. కొలతల మీద నమ్మకం ఉంటేనే ఆ మాట ధైర్యంగా చెప్పగలం.

అదే ఏడాది 700 కాంతి సంవత్సరాల దూరంలోని వాస్ప్-39బి గ్రహంపైనా వెబ్ ఇదే వాయువుని పట్టుకుంది. అక్కడ వెలుగులో కనిపించిన తేడా ఒక శాతంలో చిన్న ముక్క. రేపు ఏదో గ్రహం మీద ప్రాణుల జాడ దొరికిందన్న వార్త వస్తే, అదీ ఇంత సన్నటి తేడా మీదే ఆధారపడొచ్చు. అప్పుడు మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: పాసంగం చూశారా?