పాన పట్టిన చెయ్యి

“బామ్మర్దీ, వీడికి నువ్వన్నా బుద్ధి చెప్పు!” అంటూ మొన్న ఆదివారం మా బావ మందమర్రి నుంచి కొడుకును వెంటబెట్టుకుని కరీంనగరం వచ్చాడు. బావ సింగరేణి వర్క్‌షాపులో ముప్పయ్యేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. మేనల్లుడు మెకానికల్ ఇంజనీరింగు పూర్తి చేశాడు. ఒక ఫ్యాక్టరీ ఉద్యోగం చేతికందేలా వుంది. వాడేమో దాన్ని కాదని పరిశోధన చేస్తానంటున్నాడు.

“పరిశోధనంటే సీసాలల్ల రంగునీళ్లు కలిపేటోళ్ల పని. పాన పట్టెటోనికి అదెందుకు?” అని బావ వాదం.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు యంత్రాల సంగతేం తెలుసు! తెలిసిన కథ ఒకటి చెప్పాను.

శ్రీహరికోట కేంద్రానికి పేరైన సతీష్ ధవన్ 1920లో శ్రీనగరులో పుట్టారు. లాహోరులో గణితం, భౌతికశాస్త్రం చదివి, ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. చేసి, ఆపైన 1945లో మెకానికల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నారు. (సాహిత్యం చదివినవాడని తెలిశాక నాకు ఆయన మీద అభిమానం రెట్టింపయిందని వేరే చెప్పాలా?) అమెరికా వెళ్లి 1951లో కాల్‌టెక్‌లో డాక్టరేటు పొందారు.

ఆయన పరిశోధించిందేమిటి? వేగంగా పోయే విమానం ఒంటిని గాలి ఎంత బలంగా రాస్తుందన్నది. పలక మధ్య చిన్న ముక్కను చుట్టూ సన్నని సందు వుంచి వేరు చేసి, స్ప్రింగు రేకుల మీద నిలిపారు. గాలి లాగితే ఆ ముక్క జరిగే వెంట్రుకవాసి దూరాన్ని కొలిచి, రాపిడి ఎంతో తేల్చారు.

ఇంతవరకూ తల వంచుకుని వింటున్న బావ చప్పున తలెత్తాడు. “సందు ఎంత పెట్టిండు? ముక్క అంచు పలక మీదికి లేస్తే కొలత తప్పు రాదా?”

నేను నీళ్లు నమిలాను. మేనల్లుడు నవ్వి, “మామకు తెలవదు నాయినా, నేను చెప్త” అంటూ కాగితం, పెన్సిలు తీశాడు.

తండ్రీకొడుకులు బొమ్మ మీదికి వంగి అరగంట వాదించుకున్నారు. ఆ తరువాత మిగతా కథ చెప్పాను. 1972 నుంచి ధవన్ ఇస్రో అధ్యక్షులు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్.ఎల్.వి.–3 సముద్రంలో కూలింది. రెండో దశలో ఒక వాల్వు సరిగా మూసుకోకపోవడమే కారణం. పత్రికల వారి ముందు ఆ బాధ్యత ధవన్ తన మీద వేసుకున్నారు. మరుసటేడు, 1980 జులై 18న, రోహిణి కక్ష్యలోకి చేరింది. ఆనాడు విలేఖరుల ముందుకు కలామును పంపారు.

“ఒక్క వాల్వు!” అన్నాడు బావ. అందులోని బరువు ఫిట్టరుకు తెలిసినంత నాకేం తెలుస్తుంది!

ఖర్చు మాట వచ్చింది. గేట్ పరీక్షలో నెగ్గి ఎం.టెక్.లో చేరితే నెలనెలా స్టైపెండు ఇస్తారనీ, పిహెచ్.డి.కి ఫెలోషిప్పులున్నాయనీ మేనల్లుడు చెప్పాడు. ఇస్రో బి.టెక్. వారిని కూడా పరీక్ష పెట్టి తీసుకుంటుందన్నాడు. “అయితే ఆ జీతాలు చేతికొచ్చే దాకా ఓపిక కావాలె” అన్నాడు తండ్రి.

సాయంత్రం బస్సెక్కబోతూ బావ నన్ను పక్కకు పిలిచాడు. “ఉద్యోగపోళ్లకు జవాబియ్యడానికి వారం గడువున్నది. ఆలోచిస్త” అన్నాడు.

బొమ్మ గీసిన కాగితం మాత్రం మడత పెట్టి తన జేబులోనే వేసుకున్నాడు.